చెన్నైలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాం: భూకంపానికి ఏ యాప్‌లు పెట్టుకోవాలి, ఇంట్లో ఏం రాసి పెట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: వేళచ్చేరిలో తొమ్మిదో అంతస్తులో ఇల్లు. మీరిద్దరూ పగలంతా ఓఎమ్మార్‌లో (పాత మహాబలిపురం రోడ్డు) ఆఫీసుల్లో ఉంటారు. ఇంట్లో నెల్లూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు, వాళ్లకు తమిళం రాదు, బెసంట్‌నగర్ అష్టలక్ష్మి గుడికి వెళ్తుంటారు. అసోసియేషన్ వాళ్లు అత్యవసర ప్రణాళిక రాసే పని మీకు అప్పజెప్పారు. ఏ యాప్‌లు పెట్టుకోవాలి, భూకంపం ముందే తెలుస్తుందా, పెద్దవాళ్ల విషయంలో ఏం చేయాలి?

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. మాది ఒంగోలు. 1967 మార్చిలో ఒంగోల్లో భూమి కదిలినప్పుడు అటక మీది ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే కింద పడ్డాయని మా నాన్న చెప్పేవారు. నాకు ఈ విషయం మీద పట్టుదల అక్కడే మొదలైంది. పాతికేళ్లుగా చెన్నైలో పాత భవనాల పటుత్వం పరీక్షించే పని చేస్తున్నాను. శని, ఆదివారాల్లో అపార్ట్‌మెంట్లలో డ్రిల్లులు చేయిస్తుంటాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక్క మాట. భూకంపం విషయంలో సమాచారం రెండు దారుల్లో నడవాలి. బయటి నుంచి మీ ఇంటికి రావాల్సింది ఒకటి: ఎక్కడ వచ్చింది, ఎంత పెద్దది, సునామీ ఉందా లేదా. మీ ఇంటి నుంచి బయటికి వెళ్లాల్సింది రెండోది: లోపల ఎవరున్నారు, ఏ గదిలో ఉన్నారు, గ్యాస్ ఎక్కడ కట్టేయాలి. అందరూ మొదటిదాని కోసం ఫోన్లో నాలుగు యాప్‌లు వేసుకుని పని అయిపోయిందనుకుంటారు. మనుషుల్ని బయటికి తీసేటప్పుడు అక్కరకొచ్చేది రెండోది. దాన్ని ఏ యాప్ చేసిపెట్టదు, మీరే కూర్చుని రాయాలి.

చెన్నైకి భూకంపం భయం ఎంతుందో తెలుసుకుంటేనే మిగతాది అర్థమవుతుంది. 2002లో భారతీయ ప్రమాణాల సంస్థ భూకంప ప్రమాదాన్ని జోన్లుగా చూపే మ్యాపు మార్చినప్పుడు చెన్నైని రెండో జోన్ నుంచి మూడో జోన్‌కి పెంచారు. దగ్గర్లో వచ్చినవాటిలో చెప్పుకోవాల్సింది 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి సముద్రంలో 5.5 పరిమాణంతో వచ్చిన భూకంపం. అప్పుడు చెన్నైలో జనం ఇళ్లలోంచి పరుగెత్తారు. 2019 ఫిబ్రవరి 12 ఉదయం ఏడింటికీ, 2021 ఆగస్టు 24 మధ్యాహ్నమూ బంగాళాఖాతంలో వచ్చిన 5 స్థాయి కంపనాలు కూడా ఇక్కడ తెలిశాయి. ఇవన్నీ ఒక రకం. రెండో రకం దూరాన వచ్చే చాలా పెద్ద భూకంపం. మీరుండేది తొమ్మిదో అంతస్తు కాబట్టి మీకు ముఖ్యమైంది ఈ రెండోదే.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రం కింద 8.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. అది ఇక్కడికి దాదాపు రెండు వేల కిలోమీటర్లు. బలమైన అలలు చెన్నై చేరడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నేను అప్పుడు ఓఎమ్మార్‌లో ఒక ఆఫీసు పదో అంతస్తులో ఉన్నాను. బల్ల మీది నీళ్ల సీసాలో నీళ్లు పక్కలకి ఊగాయి, కుర్చీ నెమ్మదిగా పడవలా కదిలింది. అందరం మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాం. కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కి మాత్రం ఏమీ తెలియలేదు! దూరం నుంచి వచ్చే అలల్లో వేగంగా వణికించేవి దారిలోనే సన్నగిల్లుతాయి, నెమ్మదిగా ఊపేవి మిగులుతాయి. పది అంతస్తుల భవనం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి సుమారు ఒక సెకను, ఇరవై అంతస్తులదానికి రెండు సెకన్లు పడుతుందని మా లెక్క. అల ఊపూ భవనం ఊపూ కలిస్తే పై అంతస్తులో కదలిక పెరుగుతుంది. కింద మెత్తటి బంకమట్టి ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. పళ్లికరణై చిత్తడినేల మీకు పక్కనే ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 వస్తే, అక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉన్న ఎత్తైన భవనం కూలిపోవడం వెనుక మెత్తటి నేల, నెమ్మది ఊపు రెండూ ఉన్నాయి.

ఇక ముందే తెలుస్తుందా అన్నది. ఫలానా రోజు ఫలానా గంటకు వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు, చెప్పినవాళ్లు లేరు. 2015లో నేపాల్ భూకంపం తర్వాత 'ఈ రాత్రి ఫలానా టైముకి ఇంకా పెద్దది వస్తుంది, నాసా చెప్పింది' అని వాట్సాప్‌లో తిరిగితే మన ఊళ్లలో జనం పిల్లల్ని ఎత్తుకుని బయట పడుకున్నారు. అలాంటి మెసేజ్ మీ గ్రూపులో కనబడితే పంపినవాళ్లకు ఫోన్ చేసి తీయించండి. మీ ప్రణాళికలో ఆ బాధ్యత ఒకరి పేరు మీద రాయండి.

భూకంపం మొదలయ్యాక, బలమైన ఊపు మీ దగ్గరికి చేరేలోపు కొన్ని సెకన్ల ముందు తెలియజేయడం మాత్రం సాధ్యమే. భూకంపంలో ముందుగా చేరే పి తరంగాలు సెకనుకి ఆరు కిలోమీటర్ల వేగంతో వస్తాయి. వాటి వెనుక వచ్చి నష్టం చేసే ఎస్ తరంగాలది మూడున్నర. వంద కిలోమీటర్ల దూరంలో వస్తే రెండింటికీ మధ్య పన్నెండు సెకన్ల తేడా ఉంటుంది. పసిగట్టి, లెక్కకట్టి, మీ ఫోన్‌కి పంపేసరికి అందులో కొంత పోతుంది. భూకంప కేంద్రం మీ కాళ్ల కిందే ఉంటే తేడా ఉండదు, హెచ్చరికా రాదు. ఈ పరిమితి యంత్రాల లోపం వల్ల వచ్చింది కాదు, భూమి నడిచే తీరే అంత.

మన దేశంలో ఈ పని చేస్తున్నది ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ పెట్టిన భూకంప హెచ్చరిక వ్యవస్థ. 2023 సెప్టెంబరులో ఇండియాలో మొదలైంది. ఛార్జింగ్‌లో కదలకుండా పడి ఉన్న వేల ఫోన్లు తమలోని కదలికను కొలిచే చిప్‌తో నేల వణుకును పట్టుకుంటాయి. 4.5, అంతకుమించి ఉంటేనే హెచ్చరిక పంపుతుంది. మీ దగ్గర వణుకు స్వల్పమైతే మామూలు నోటిఫికేషన్ వస్తుంది. గట్టిగా ఉండబోతోందంటే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా పెద్ద శబ్దంతో తెరంతా నిండే హెచ్చరిక వస్తుంది. సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ'లోకి వెళ్లి 'ఎర్త్‌క్వేక్ అలర్ట్స్' ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి. కొన్ని ఫోన్లలో ఇది 'లొకేషన్' కింద ఉంటుంది. లొకేషన్, ఇంటర్నెట్ రెండూ ఆన్‌లో ఉండాలి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా చూడండి, ఆ శబ్దం ఎలా ఉంటుందో అక్కడే ఉన్న డెమో నొక్కి వినిపించండి. మొదటిసారి విన్నవాళ్లు ఫోన్ పాడైందనుకుని పక్కన పడేయడం నేను చూశాను.

దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో 7.8 వచ్చినప్పుడు ఈ వ్యవస్థ పరిమాణాన్ని బాగా తక్కువగా లెక్కకట్టింది. తీవ్ర హెచ్చరిక దాదాపు కోటి మందికి వెళ్లాల్సి ఉండగా 469 మందికే వెళ్లిందని గూగులే తర్వాత ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో బ్రెజిల్‌లో లేని భూకంపానికి అర్ధరాత్రి హెచ్చరిక పంపి, క్షమాపణ చెప్పింది. లెక్కకట్టే పద్ధతిని సరిచేసుకున్నారు, నిజమే. నా మాట ఏమిటంటే, హెచ్చరిక మోగితే నమ్మి వెంటనే కదలండి. మోగకపోయినా నేల కదిలితే దానికోసం ఎదురుచూడకండి. ఐఫోన్ ఉన్నవాళ్లకు గూగుల్ హెచ్చరిక రాదు, కాబట్టి ఇంట్లో కనీసం ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉంచుకోండి.

రెండోది 'సచేత్'. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ యాప్ ఇది. వానలు, తుపాను, పిడుగులు, సునామీ అన్నిటికీ సంబంధిత శాఖలు పంపే అధికారిక హెచ్చరికలు ఇందులో వస్తాయి. చెన్నైలో డిసెంబరు వరదలకు కూడా పనికొస్తుంది కాబట్టి దీన్ని తప్పకుండా వేసుకోండి. మూడోది జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం వాళ్ల 'భూకంప్' యాప్. నేల కదిలిన కొద్ది నిమిషాల్లో కేంద్రం, లోతు, పరిమాణం అందులో కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిక్కుంది. మన పత్రికలు రిక్టర్ అంకెకూ 'తీవ్రత' అనే రాస్తాయి, మన ఇంటి దగ్గర ఎంత ఊగిందన్నదానికీ 'తీవ్రత' అనే రాస్తాయి. మొదటిది భూకంపం పరిమాణం, అది ఒక్కటే అంకె. రెండోది ఊరిని బట్టి, నేలను బట్టి, అంతస్తును బట్టి మారుతుంది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 వస్తే హైదరాబాదులో ఒక పేటలో తెలిసి పక్క పేటలో తెలియకపోవడానికి కారణం ఇదే. మన జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ఒక అంకె, అమెరికా జియలాజికల్ సర్వే కాస్త వేరే అంకె ఇస్తే 'దాస్తున్నారు' అని గొడవపడకండి. మొదటి లెక్కలు తర్వాత సవరించడం మామూలే.

ఊపు తగ్గాక రెండు నిమిషాలు కేటాయించి 'మీకు తెలిసిందా' ఫారం నింపమని అందర్నీ అడుగుతాను. అమెరికా జియలాజికల్ సర్వే సైటులో ఇలాంటి ఫారం ఏళ్లుగా ఉంది. ఐరోపా భూకంప కేంద్రం వాళ్ల 'లాస్ట్‌క్వేక్' యాప్‌లోనూ ఉంది. ఆ యాప్‌లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. భయపడిన జనం ఒక్కసారిగా యాప్ తెరిచే వేగాన్ని చూసే, కొలిచే యంత్రాల లెక్క రాకముందే ఎక్కడో ఏదో జరిగిందని అది పసిగడుతుంది. మీ తొమ్మిదో అంతస్తు నుంచి మీరిచ్చే నివేదిక, కింద వాచ్‌మన్ ఇచ్చేది, రెండూ కావాలి. చెన్నైలో నేల ఎక్కడ మెత్తగా ఉంది, ఏ ఎత్తు భవనాలు ఎక్కువ ఊగుతున్నాయి అని మాలాంటివాళ్లు తెలుసుకునేది వాటినుంచే.

ఇక సముద్రం. చెన్నైలో భూమి కదిలిన తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా గట్టి నమ్మకం. 2004 డిసెంబరు 26న సుమత్రా భూకంపం ఉదయం ఆరున్నరకు వచ్చింది. ఇక్కడ కొందరికి మంచం కదిలినట్టు తెలిసింది కూడా. అలలు మెరీనాకి వచ్చింది దాదాపు రెండున్నర గంటల తర్వాత, తొమ్మిదింటికి. ఆ రెండున్నర గంటల్లో తీరంలో నడకకొచ్చినవాళ్లకూ, వలలు సర్దుకునేవాళ్లకూ చెప్పే మనిషి లేడు. అప్పట్లో మనకు సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. తమిళనాడులోనే దాదాపు ఎనిమిది వేల మంది పోయారు. ఆ తర్వాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. సముద్రం కింద పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపు మొదటి బులెటిన్ ఇస్తారు. 2012లో అక్కడి నుంచి హెచ్చరిక వెళ్లింది, తీరం ఖాళీ చేయించారు. అప్పుడు భూమి పలకలు పక్కకు జారాయి కానీ సముద్రగర్భం పైకి లేవలేదు, అందుకే పెద్ద అలలు రాలేదు. హెచ్చరిక ఎత్తేశారు. దాన్ని 'ఉత్తుత్తి హెచ్చరిక' అన్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తీరంలో ఉన్నవాళ్లకు మొదటి గంటలో చెప్పగలిగిన సరైన మాట అదొక్కటే.

వేళచ్చేరికి అలలు వస్తాయని భయపెట్టను, మీరు తీరానికి దూరంగానే ఉన్నారు. కానీ మీ అమ్మానాన్నలు బెసంట్‌నగర్ అష్టలక్ష్మి గుడికి వెళ్తుంటారని రాశారు. ఆ గుడి ఇసుక ఒడ్డునే ఉంది. వాళ్లకు చెప్పాల్సింది ఇంతే: అక్కడ ఉండగా నేల చాలాసేపు ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా, చెప్పులు వెతుక్కోకుండా ఒడ్డుకు దూరంగా, లోపలి వీధుల్లోకి నడవాలి. దగ్గర్లో గట్టి భవనం ఉంటే పైకెక్కాలి. ఎవరూ చెప్పేదాకా తిరిగి వెళ్లొద్దు, ఎందుకంటే మొదటి అల తర్వాత వచ్చేది ఇంకా పెద్దది కావచ్చు. ఇన్‌కాయిస్ బులెటిన్లలో మూడు మాటలు కనిపిస్తాయి. 'వార్నింగ్' అంటే తీరం ఖాళీ చేయాలి, 'అలర్ట్' అంటే ఒడ్డుకు పోకూడదు, 'వాచ్' అంటే జనం ప్రస్తుతానికి ఏమీ చేయనక్కర్లేదు. ఇవి మూడూ మీ నోటీసు బోర్డు మీద తెలుగులో, తమిళంలో రాయించండి.

ఊగుతున్నప్పుడు ఏం చేయాలో ఒక్క ముక్కలో చెప్తాను: వంగండి, గట్టి బల్ల కిందకి దూరండి, దాని కాలు పట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే మంచం మీదే ఉండి తలగడతో తల కప్పుకోవాలి. లిఫ్ట్ ఎక్కొద్దు, ఊగుతుండగా మెట్లు దిగొద్దు.

ఇప్పుడు రెండో దారి, మీ ఇంటి నుంచి బయటికి వెళ్లాల్సిన సమాచారం. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం వానలో కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చిన మనవాళ్లు. అది భూకంపం కాదు, కానీ శిథిలాల కింద మనుషులున్నప్పుడు ఏ సమాచారం కావాలో నాకు నేర్పింది ఆ వారమే. లోపల ఎంతమంది ఉన్నారన్న అంకె రోజుకొకటిగా మారుతూ వచ్చింది. తెలుగు మాత్రమే వచ్చిన భార్యలు, తమ్ముళ్లు ఆసుపత్రుల చుట్టూ, గేట్ల చుట్టూ తిరిగారు. జాతీయ విపత్తు స్పందన దళం నాలుగో బెటాలియన్ మనకు దగ్గర్లో అరక్కోణంలోనే ఉంది. వాళ్ల దగ్గర వినే పరికరాలున్నాయి, కెమెరాలున్నాయి, కుక్కలున్నాయి. అయినా 'ఈ మూల ఇద్దరు పడుకునేవాళ్లు' అని చెప్పగల ఒక్క మనిషి దొరికితే ఆ పరికరాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఆ మనిషి దొరక్కపోతే మొత్తం గుట్టనంతా వెతకాలి.

అందుకే మా డ్రిల్లుల్లో యాప్‌ల కంటే ముందు పుస్తకం రాయిస్తాను. అంతస్తుకో పేజీ. ఫ్లాటు నంబరు, పగలు ఉండేవాళ్లు, రాత్రి ఉండేవాళ్లు, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, నడవలేనివాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, వినబడనివాళ్లు, ఏ భాష వచ్చు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది. పడుకునే గది ఎందుకని చాలామంది అడుగుతారు. 1993లో లాతూరు దగ్గర కిల్లారిలో తెల్లవారుజామున నాలుగింటి ముందు భూకంపం వచ్చినప్పుడు ఊరంతా నిద్రలో ఉంది. అలాంటి వేళ మనిషి ఎక్కడుంటాడో తెలిసేది ఆ ఒక్క గడితోనే. వాచ్‌మన్ కుటుంబాన్ని, ఇళ్లలో పనికొచ్చేవాళ్లను, వాళ్లొచ్చే వేళలను, పక్కన ఏదైనా కడుతుంటే అక్కడ పడుకునే కూలీలను కూడా రాయండి. వాళ్ల పేర్లే ఎప్పుడూ ఏ జాబితాలోనూ ఉండవు.

ఈ పుస్తకాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఎవరింట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటారన్నది అందరి ఫోన్లలో తిరగాల్సిన విషయం కాదు. రెండు కాగితపు ప్రతులు చాలు. ఒకటి సీలు వేసిన కవరులో గేటు దగ్గర, భవనం నీడ పడనంత దూరంలో. ఇంకొకటి పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ దగ్గర. మీ భవనమే కూలితే మీ ఆఫీసు గదిలోని బీరువా కూడా దాని కిందే ఉంటుంది కదా. మూడు నెలలకోసారి దిద్దండి.

అదే కవరులో ఇంకో మూడు ఉండాలి. ఒకటి, చేత్తో గీసిన పటం: గ్యాస్ బ్యాంకు వాల్వు, జనరేటరు డీజిల్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, నీటి సంపు, ఫైరింజన్ పట్టే గేటు. రెండు, భవనం స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష రిపోర్టు. ఇవి లేకుండా భూకంపం తర్వాత ఏ ఇంజినీరైనా సగం గుడ్డివాడే. ఒక కాంప్లెక్సులో డ్రాయింగుల కోసం బిల్డర్ని అడిగితే ఆ కంపెనీయే మూతపడి ఉంది. చివరికి స్తంభాల లోపల ఎంత ఇనుముందో స్కానర్‌తో వెతుక్కున్నాం, నెల పట్టింది. మూడు, ఫొటోలు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి.

కంపనం తర్వాత అందరూ గోడలకేసి చూస్తారు. అప్పటిదాకా కనబడని పాత పగుళ్లన్నీ ఆ రోజు కొత్తవిగా కనిపిస్తాయి. 'ఇది ముందే ఉందా' అన్నదానికి జవాబు లేక కుటుంబాలు రాత్రంతా రోడ్డు మీద గడపడం చూశాను. దానికి వ్యతిరేకంగా, నిజంగా ప్రమాదమున్న స్తంభాన్ని 'ఎప్పటిదో' అని వదిలేయడమూ చూశాను. కాబట్టి ఈ నెలలోనే ఒక ఆదివారం కింద పార్కింగ్‌లో ప్రతి స్తంభానికీ నంబరు వేయండి. నాలుగు వైపులా ఫొటో తీయండి. పగులు ఉన్నచోట పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి, వెడల్పు తెలుస్తుంది. గోడకీ దూలానికీ మధ్య అడ్డంగా సన్నటి గీత ఉంటే సాధారణంగా భయపడాల్సింది లేదు. స్తంభం మీద ఏటవాలుగా లేదా గుణకారం గుర్తులా పగులు వచ్చినా, పెచ్చు ఊడి కడ్డీ కనిపించినా లోపలికి వెళ్లకూడదు. సముద్రపు ఉప్పుగాలికి కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులూడిన స్తంభాలు బెసంట్‌నగర్ నుంచి ఎన్నూరు దాకా కొల్లలుగా ఉన్నాయి. వాటికి భూకంపం కోసం ఆగక్కర్లేదు, ఇప్పుడే మరమ్మతు కావాలి.

పార్కింగే ఎందుకంటున్నానంటే, 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద గోడల్లేవు, స్తంభాల మీద నిలబడ్డ పార్కింగ్ మాత్రమే. పై అంతస్తులు గోడలతో బిగుసుకుని ఉంటాయి, ఊపంతా కింది స్తంభాల మీద పడుతుంది. చెన్నైలో మనందరి ఇళ్లూ అలాంటివే. మీ భవనం 2002 తర్వాతి ప్రమాణాల ప్రకారం కట్టారో లేదో డ్రాయింగుల్లో తెలుస్తుంది.

ఇప్పుడు ఫోన్ చేయడం. 112 ఒక్కటి చాలు, పోలీసు, ఫైరు, అంబులెన్సు అన్నీ దాని కిందే. అంబులెన్సుకి నేరుగా 108. రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077, కార్పొరేషన్‌ది 1913, గ్యాస్ లీకుకి 1906. ఫోన్ చేశాక అడిగే మొదటి ప్రశ్న అడ్రసే. చెన్నైలో ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి, ఒకే పేరుతో వీధులు నాలుగు పేటల్లో ఉంటాయి. తపాలా శాఖ 2025లో తెచ్చిన 'డిజిపిన్' ఇందుకు బాగా పనికొస్తుంది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కోదానికి పది అక్షరాల కోడు ఇచ్చారు. మీ గేటు కోడు చూసుకుని, రెండు నంబర్లతో, దగ్గరి గుడి గుర్తుతో కలిపి ప్రతి ఇంటి తలుపు వెనుక అంటించండి. ఫోన్‌లో నెట్ లేకుండా పనిచేసే మ్యాపు కూడా దింపి ఉంచుకోండి, 'ఆర్గానిక్ మ్యాప్స్' లాంటిది. చెన్నై మొత్తం దిగుతుంది.

ఫోన్లు కలవవు, ఇది ముందే అనుకోండి. అందరూ ఒకేసారి కాల్ చేస్తే లైన్లు నిండిపోతాయి. 2012లో నాకు గంటసేపు ఇంటికి కాల్ కలవలేదు, మెసేజ్ మాత్రం వెళ్లింది. కాబట్టి మీ కుటుంబానికి బయటి ఊళ్లో ఒక మనిషిని పెట్టుకోండి, నెల్లూరులో మీ పెద్దమ్మగారైనా సరే. అందరూ ఆమెకే ఒక్క మెసేజ్ పంపాలి: పేరు, ఎక్కడున్నాను, దెబ్బలున్నాయా, ఏం కావాలి. ఆమె దగ్గర అందరి లెక్కా తేలుతుంది. 2004లో అండమాన్‌తో సంబంధాలు తెగిపోయినప్పుడు హ్యామ్ రేడియో (లైసెన్సుతో ఔత్సాహికులు సొంతంగా నడిపే రేడియో) మీద పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు అందించింది అప్పటికే అక్కడున్న భారతీ ప్రసాద్ బృందం. మీ కాంప్లెక్సులో లైసెన్సు ఉన్న హ్యామ్ ఎవరైనా ఉంటే వాళ్ల పేరు కవరు మీదే రాయండి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, మంచం పక్కన ఒక విజిల్ ఉంచండి. లోపల చిక్కుకున్నవాళ్లు అరిచి ఊపిరి పోగొట్టుకోకుండా విజిల్ ఊదాలి, లేదా పైపు మీద మూడేసి దెబ్బలు కొట్టాలి. సహాయక దళం గోడల మీద రంగుతో ఇంగ్లీషు 'వి' అక్షరం, దాని కింద 'ఎల్' అని, పక్కన అంకె వేస్తే అక్కడ అంతమంది బతికున్నారని అర్థం. ఆ గుర్తులు తుడవొద్దు, వాటికి అడ్డంగా నిలబడొద్దు.

చివరగా అమ్మానాన్నలు. నేను డ్రిల్లు చేయించిన పెరంబూరు కాంప్లెక్సులో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. నకిలీ కాల్ చేయించినప్పుడు ఎదుటి వలంటీరు తమిళంలో అడగ్గానే ఆవిడ బెదిరి ఫోన్ పెట్టేశారు. ఆ రోజు నుంచి ఒక అట్ట తయారుచేయిస్తున్నాను. తెలుగు లిపిలో తమిళ వాక్యాలు, పెద్ద అక్షరాల్లో. 'ఎనక్కు తమిళ్ తెరియాదు, తెలుగు మట్టుమ్ తెరియుం.' నాకు తమిళం రాదు, తెలుగు మాత్రమే వచ్చు. 'నిలనడుక్కం వందుదు, ఉళ్ళే ఆళ్ మాట్టికిట్టాంగ.' భూకంపం వచ్చింది, లోపల మనిషి చిక్కుకున్నారు. 'గ్యాస్ వాసనై వరుదు.' గ్యాస్ వాసన వస్తోంది. 'ఆంబులెన్స్ అనుప్పుంగ.' అంబులెన్సు పంపండి. కింద అడ్రసు, డిజిపిన్, మీ నంబరు, ఎదురింటివాళ్ల నంబరు. అదే అట్ట వెనుక తమిళ లిపిలో వాళ్ల పేర్లు, వయసు, రక్తం గ్రూపు, వాడే మందులు, 'వీరికి తెలుగు మాత్రమే వచ్చు' అన్న మాట. నాన్నగారి జేబులో ఒకటి, అమ్మ పర్సులో ఒకటి, తలుపు వెనుక ఒకటి. ఆ పెద్దావిడ తర్వాతి డ్రిల్లులో అట్ట చూసి నాలుగు వాక్యాలూ తడబడకుండా చదివారు, అడ్రసు రెండుసార్లు చెప్పారు. వలంటీరుకి ప్రతిదీ అర్థమైంది.

మీ భవనం ఏ సంవత్సరంలో కట్టారో, పార్కింగ్ ఎంత ఎత్తుందో, మట్టి రిపోర్టు దొరికిందో లేదో ఇక్కడే రాయండి. స్తంభాల ఫొటోలు కూడా పెడితే ఒక్కొక్కటీ చూసి చెప్తాను.